పక్క సీటు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున ఎండ మామూలుగానే లేచింది గానీ, వినుకొండ వైపు కొండ వెనక నుంచి మబ్బు ఒకటి మెల్లగా తల ఎత్తింది, ఉతికి సరిగా పిండకుండా దండెం మీద వేసిన దుప్పటిలా బరువుగా, కిందికి జారుతూ. ఏప్రిల్ నెలాఖరు మబ్బును నమ్మలేం. కురిస్తే పది నిమిషాలు కురుస్తుంది, ఆ పది నిమిషాలు చాలు కల్లంలో ఆరబోసిన మిరపకాయంతా నల్లబడడానికి. కురవకపోతే అట్లాగే పొద్దంతా నెత్తిన కూర్చుని మనిషిని ఏ పనీ చేసుకోనివ్వదు. పట్టాలు కప్పాలా, కప్పకూడదా. కప్పితే ఎండ పోతుంది, కప్పకపోతే కాయ పోతుంది. నేను పరదా పట్టా మడత విప్పి కల్లం గట్టున పెట్టాను, పరవకుండా. పెట్టి, చొక్కా జేబులో ఉన్న కాగితం చెమటకు తడుస్తుందేమోనని తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాను.

కాగితం ఇలియాస్ ఇచ్చింది. దాని మీద ఆకాశమంత ఎత్తున తిరిగే చక్రం ఉంది, చక్రానికి తొట్లు వేలాడుతున్నాయి, తొట్లలో మనుషులు నోళ్ళు తెరుచుకుని చేతులు పైకెత్తి ఉన్నారు. నీలం రంగు జారుడుబండ మీద నుంచి ఒక అమ్మాయి నీళ్ళలో పడుతోంది. హైదరాబాదుకి అవతల ఎక్కడో ఉందట ఆ పార్కు. కాగితం కింద ఇలియాస్ కొట్టు పేరు, వినుకొండ బస్టాండు ఎదురుగా అని గుర్తు, అతని కొత్త సెల్‌ఫోను నంబరు. బస్సు, బస, తిండి, టికెట్లు, తిప్పి చూపించడం అంతా వాళ్ళదే. మీరు వచ్చి కూర్చుంటే చాలు అని పెద్ద అక్షరాలతో వేయించాడు. ఆ మాట నిన్నటి నుంచి ఎన్నిసార్లు చదివానో. వచ్చి కూర్చుంటే చాలు. నాలాంటివాడి కోసమే రాసినట్టుంది.

మధ్యాహ్నం నమాజు వేళకు ముందే పక్క ఊరికి పోతూ ఇటుగా వస్తానన్నాడు ఇలియాస్. అప్పటికి అవునో కాదో చెప్పాలి. బస్సులో చివరికి రెండు సీట్లే మిగిలాయట, నా కోసం పట్టి ఉంచాడట. నేను కాళ్ళు ఈడ్చుకుంటూ కాయను చాళ్ళుగా తిరగేస్తున్నాను, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. అరికాలి కింద ఎండుకాయ చేసే చప్పుడును బట్టి ఎంత ఆరిందో చెప్పగలను. గింజ గలగలమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. కల్లం అవతలి కొసన, తాటాకు పందిరి నీడలో, ముక్కుకు తువ్వాలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న నా కూతురి లోపల ఏముందో మాత్రం ఏ చప్పుడును బట్టి చెప్పాలో తెలియదు. దానికి పదకొండో ఏడు. తువ్వాలు వాళ్ళమ్మ కట్టుకున్నట్టే చెవుల వెనక నుంచి తెచ్చి మెడ మీద ముడి వేసుకుంది. ఎవరు నేర్పారు? చూసి ఉంటుంది. చూసినవన్నీ గుర్తున్నాయన్నమాట.

ఉత్తరం రాసింది, నెల కిందట, వేటపాలెం నుంచి. మూడేళ్ళుగా అక్కడే ఉంటోంది, అమ్మమ్మ దగ్గర. పోస్టుకార్డు మీద పైన ఊరు, తేదీ, బళ్ళో నేర్పినట్టు పొందికగా. నాన్నకు సలాం. పరీక్షలు అయిపోయాయి. సెలవులకు నన్ను జెయింట్ వీల్ ఉన్న పార్కుకి తీసుకెళ్తావా. అంతే, కింద సిద్దికా అని పేరు. మిగతా కార్డంతా ఖాళీ. ఆ ఖాళీ చూసి నా కూతురే అనుకున్నాను. మూడేళ్ళలో అది నన్ను అడిగింది ఇదొక్కటే. పలక అడగలేదు, పండక్కి బట్టలు అడగలేదు, ఎందుకు నన్ను ఇక్కడ ఉంచావని కూడా అడగలేదు. చక్రం ఎక్కాలని అడిగింది.

తీసుకురావడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మమ్మ అమీర్‌బీ జీడిగింజలు కొట్టే షెడ్డు నుంచి వచ్చి, ఆ జీడి రసానికి నల్లగా మాడిపోయిన వేళ్ళు కొంగులో దాచుకుంటూ, ‘నాయనా, పిల్లతో మాట్లాడు’ అంది. ఇంకేదైనా అని ఉంటే బాగుండేది. చీరాలలో బస్సెక్కాం. దానికి కిటికీ పక్క సీటు ఇచ్చాను. మాట్లాడాలనే అనుకున్నాను. చిలకలూరిపేట రాగానే మొదలుపెడదాం అనుకున్నాను, అక్కడ టీ తాగి మొదలుపెడదాం అనుకున్నాను, నరసరావుపేట దాటాక అనుకున్నాను. ఆకలేస్తోందా అని అడిగాను. లేదంది. మా ఊరి మలుపులో పత్తి మిల్లు గోడ కనిపించగానే సంచీ భుజాన వేసుకుని లేచి నిలబడింది. అంత దూరం ఇద్దరం పక్కపక్కన కూర్చుని, మా మధ్య మూడో మనిషి కూర్చున్నట్టే, ఆ మనిషికి మోకాళ్ళు తగలకుండా ఒదిగి కూర్చున్నాం.

మూడో మనిషి ఉన్న రోజుల్లో నేను మాట్లాడాల్సిన పనే ఉండేది కాదు. నజ్మీన్ నా వంతు కూడా తనే మాట్లాడేది. చుట్టాల ఇంటికి వెళ్తే, ఆయన బాగున్నాడు, ఆయనకు చక్కెర తక్కువ వేయండి, ఆయనకు మీ మీద కోపం ఏమీ లేదు, మొహమే అంత, అనేది. పెళ్ళయిన కొత్తలో కృష్ణ చూద్దామని తాడేపల్లి వెళ్ళాం. రైలు కట్ట ఒకవైపు, అరటితోటలు ఒకవైపు, రేవుకి దారి ఎటో నాకు తెలియదు. అడగడానికి నోరు రాక ఎండలో చాలాసేపు నడిపించాను. నడిచి నడిచి మళ్ళీ దిగిన చోటికే వచ్చాం. తను చెప్పు తెగి, చెప్పు చేత్తో పట్టుకుని, రోడ్డు మీదే కూర్చుని నవ్వింది. అట్లా నవ్వుతూనే చెరుకు బండివాడిని కేకేసి అడిగింది. నది అక్కడే ఉంది, గట్టు ఎక్కితే చాలు. ‘ఒక్క మాట అడిగుంటే ఎప్పుడో నీళ్ళలో కాళ్ళు పెట్టుండేవాళ్ళం గదా’ అంది. నీళ్ళలో కాళ్ళు పెట్టాక కూడా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు ఆగడం నేను చూశాను. ముందు కళ్ళు పసుపెక్కాయి, తరవాత నవ్వు ఆగింది, తరవాత అన్నీ.

అందుకే ఇలియాస్ మాట వినగానే గుండె మీద నుంచి బస్తా దించినట్టయింది. ఐదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నాం మేమిద్దరం. వాడు నా లెక్కలు చూసి రాసేవాడు, పంతులు అడిగితే నా బదులు వాడు చెప్పేవాడు. నిన్న కొట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ‘ఒరేయ్ బుడానూ, నీకు బెంగెందుకురా. నలభై మంది జనం. దారంతా పాటలు, అంత్యాక్షరి, జోకులు. మగవాళ్ళంతా కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. మీ పాపను మా ఆవిడ పక్కన కూర్చోబెడతా, దాని ఈడు పిల్లలు అరడజను మంది ఉన్నారు. నువ్వు ఎక్కి కళ్ళు మూసుకో, పార్కు గేటు దగ్గర లేపుతా’ అన్నాడు. కుడివైపు ఎడమవైపు అనగానే నాకు ఊపిరి ఆడింది. ఊపిరి ఆడినందుకు సిగ్గూ వేసింది. రాత్రంతా బస్సులో దాని పక్కన కూర్చోనక్కర్లేదు. చక్రం మీద కూడా ఆ పిల్లలతో ఎక్కుతుంది. నేను కింద నిలబడి దాని చెప్పులు కాపలా కాస్తాను. తిరిగొచ్చి, పార్కు చూపించానని అమీర్‌బీకి చెప్పవచ్చు. అది అబద్ధం కాదు. చూపించినట్టే.

లేదా ఎర్రబస్సు. వినుకొండలో సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు. రెండు సీట్ల వరసలో ఇద్దరమే. చీకట్లో, మాచర్ల దాటాక బస్సులో లైట్లు ఆర్పేస్తారు. ఎవరి ముఖం ఎవరికీ కనపడదు. మాట్లాడాలంటే అంతకంటే మంచి చోటు ఇంకొకటి ఉండదు. మాట్లాడకపోతే అంతకంటే నరకమూ ఉండదు. తెల్లారి దిగాక ఆ మహానగరంలో ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఎవరిని ఆపి అడగాలో. పార్కు ఎటు అని నేను నోరు తెరవలేక పిల్లను ఎండలో నడిపించుకుంటూ తిరుగుతుంటే, రోడ్డు మీద కూర్చుని నవ్వే మనిషి ఇప్పుడు లేదు.

మబ్బు కొండను వదిలి ముందుకు వచ్చింది. గాలి ఆగిపోయింది. కల్లం మీద ఘాటు లేవకుండా అట్లాగే పేరుకుంటోంది. పందిరి కింద సిద్దికా తుమ్మింది. కొండమ్మ, అది మా కల్లానికి ఏటా వచ్చే మనిషి, నాకు అక్క వరస, పని చేసినంతసేపూ నోరు కూడా పనిచేస్తుంది, తల ఎత్తి, ‘ఏందే పిల్లా, మీ అయ్య నిన్ను పార్కుకి తీసుకుపోతాడంట గదా. ఈయనకి పార్కెందుకే, కల్లంలో రాట పాతి నిలబెడితే సరిపోద్ది, పిట్టలన్నా రాకుండా ఉంటాయి’ అంది. తువ్వాలు వెనక సిద్దికా నవ్విందో లేదో కనపడలేదు. కళ్ళు మాత్రం సన్నబడ్డాయి. ఆ సన్నబడడం నజ్మీన్‌ది. ఘాటుకు ఎడమ కన్ను నీరు కారుతోంది దానికి. మోచేతి పైభాగంతో తుడుచుకుంది, అరచేయి తగలకుండా, జాగ్రత్తగా. ఆ జాగ్రత్త చూసి నేను అటు తిరిగాను. తిరిగి ఏం లాభం. మిరపకాయ మీద నడిచేవాడు ఎటు తిరిగినా మిరపకాయే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కల్లం నుంచి ఎవరొచ్చినా ముందు గడప బయటే ఆగాలి. నజ్మీన్ సత్తు చెంబుతో పుల్ల మజ్జిగ పట్టుకుని నిలబడేది. ఒకసారి మజ్జిగతో, ఒకసారి సున్నిపిండితో, మళ్ళీ ఒకసారి మజ్జిగతో. మూడుసార్లు అయ్యాక నా వేలు పట్టుకుని తన కంటి కింద, బుగ్గ మీద ఆనించి చూసేది. మండితే మొహం చిట్లించి మళ్ళీ పోసేది. మండకపోతే పక్కకు జరిగి దారి ఇచ్చేది. చంటిపిల్ల ఉన్న ఇల్లు అని మొదలుపెట్టింది, పిల్ల పెద్దదయ్యాక కూడా మానలేదు. మూడేళ్ళ కిందట ఆరోజు మాత్రం గడపలో చెంబు పట్టుకుని నిలబడే మనిషి లేదు. ఆ మనిషే లోపల చాప మీద పడుకుని ఉంది, తెల్ల గుడ్డ కింద.

పదిహేను రోజులు కామెర్లు. ఆసుపత్రి వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ పొద్దున నజ్మీనే అంది, మబ్బు పట్టింది, వెళ్ళి కాయ ఎగదోసి రా అని. వెళ్ళాను. ఎందుకు వెళ్ళానని మూడేళ్ళుగా అడుగుతున్నాను, ఆమె వెళ్ళమంది కాబట్టి అని తప్ప జవాబు దొరకలేదు. కాయ గుట్ట చేస్తున్నాను, మోచేతుల దాకా ముంచి. కొండమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఏమీ చెప్పలేదు, నిలబడింది. నోరు ఎప్పుడూ మూయని మనిషి నిలబడితే తెలిసిపోతుంది. నేను పరుగెత్తాను. గుమ్మంలో సిద్దికా, ఎనిమిదేళ్ళది, ఎక్కిళ్ళు పెడుతూ నా దగ్గరకే వచ్చింది. అంతమందిలో నా దగ్గరకే. నేను వంగి, రెండు అరచేతులతో దాని రెండు కళ్ళూ తుడిచాను.

అది అరిచిన అరుపు అమ్మ కోసం అనుకున్నారు అందరూ. ఆడవాళ్ళు పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చారు. కొండమ్మ ఒక్కతే నా చేతుల వంక చూసి, పిల్ల ముఖం వంక చూసి, దాన్ని చంకనేసుకుని తొట్టి దగ్గరకు పరుగెత్తింది. ఎన్ని నీళ్ళు పోసినా ఏం లాభం, కళ్ళు వాచి మూసుకుపోయాయి. జనాజా లేపే ముందు చివరిసారి ముఖం చూసుకోండి అన్నారు. అందరూ చూశారు. దాన్ని ఎత్తి దగ్గరకు తెచ్చారు. అది చేతులు చాపి తడిమింది. రెప్పలు విడదీయాలని చూసింది, విడివడలేదు. నేను చూస్తూనే ఉన్నాను. తరవాత నేను భుజం పట్టాను, వెళ్ళిపోయాం. సాయంత్రానికి వాపు తగ్గింది. సాయంత్రానికి చూడడానికి ఏముంది? కొండమ్మ ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నేనూ అనలేదు. పిల్లకు తెలుసా? ఎనిమిదేళ్ళ పిల్లకు ఎవరి చేతులో తెలియకుండా ఉంటుందా? అమీర్‌బీ తీసుకుపోతానంటే సరే అన్నాను. పిల్ల మేలు కోసమే అని ఊరంతా అన్నారు. నేను మాత్రం దాని కళ్ళలోకి చూడనక్కర్లేదని సరే అన్నాను. ఇప్పుడు కుడివైపు ఎడమవైపు అంటే ఊపిరి ఆడిందీ అందుకే.

మోటారు సైకిలు చప్పుడు వినపడింది. ఇలియాస్ కల్లం గట్టున ఆపి, దిగకుండానే, చంకలో నుంచి రాతపుస్తకం తీశాడు. ‘ఏరా, నోరు తెరిచావా ఇంకా లేదా? రాసేస్తున్నా. బుడాన్ ఒకటి, సిద్దికా ఒకటి.’

నేను తల ఊపబోయాను. ఊపేవాడినే. మెడ ఒంగింది కూడా. అప్పుడు సిద్దికా తువ్వాలు కిందికి లాగి, ‘ఇలియాస్ మామా, బస్సులో మా నాన్న పక్కనేనా నా సీటు?’ అంది.

‘మీ నాన్న పక్కన ఏముంది తల్లీ, గోడ పక్కన కూర్చున్నట్టే గదా. నువ్వు ఆడవాళ్ళ వైపు. మీ అత్త పక్కన కిటికీ సీటు నీకే.’

‘అట్లాగా’ అంది అది. అని, తువ్వాలు మళ్ళీ ముక్కు మీదికి లాక్కుని, చేటలో కాయల వంక చూసింది. ఏరలేదు. చూస్తూ కూర్చుంది. ఒక మంచి కాయ తీసి తాలులో వేసింది. అది తనకు తెలియలేదు. నాకు కనపడింది.

‘వద్దురా’ అన్నాను.

‘ఏంది వద్దు?’

‘సీట్లు. ఎవరికైనా ఇచ్చెయ్. మేం ఎర్రబస్సులో పోతాం.’

ఇలియాస్ బండి ఇంజను ఆపేశాడు. కొండమ్మ ఏరడం ఆపేసింది. ‘ఒరేయ్, నీకు ఎర్రబస్సేందిరా? హైదరాబాదులో దిగి పార్కు ఎటని ఎవర్నడుగుతావు? బళ్ళో చాక్‌పీసు కావాలన్నా నేనే గదరా అడిగింది నీ బదులు!’

‘అడుగుతా’ అన్నాను.

ఇలియాస్ ఇంకేదో అనబోయి నా ముఖం చూసి ఆగాడు. ఒకే బల్ల మీద కూర్చున్నవాడు, వాడికి తెలుస్తుంది. పుస్తకంలో పేర్లు కొట్టేశాడు. కొట్టేస్తుండగానే కాగితం మీద ఒక చినుకు పడింది. పెద్ద చినుకు, రూపాయంత.

కాయ ఎగదోయడానికి నలుగురం నాలుగు వైపుల నుంచి దిగాం. ఇలియాస్ ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నన్ను తిడుతూ, తుమ్ముతూ, కాళ్ళతో తోశాడు. కొండమ్మ వాడి తుమ్ముల మీద జోకులు వేసింది. సిద్దికా చేటతో చాళ్ళ చివరలు ఎత్తి పోసింది, పరుగు పరుగున, వాళ్ళమ్మ ఎట్లా చేసేదో అట్లాగే, మడమలు నేలకు ఆనించకుండా. పట్టా ఒక కొస నేను, ఒక కొస అది. గాలి మధ్యలో దూరి పట్టా గుడారంలా లేచింది. దాని అవతల దాని తల మాత్రం కనపడుతోంది. లాగు నాన్నా అని అరిచింది. లాగాను. రాళ్ళు పెట్టాం. అప్పుడు కురిసింది. పది నిమిషాలు కూడా కాదు. కొండమ్మ కొంగు నెత్తిన వేసుకుని తన ఇంటికి పోయింది, ఇలియాస్ తడుస్తూనే బండి తిప్పుకున్నాడు.

ఇల్లు కల్లం వెనకే. నేను గడప దగ్గరకు వచ్చి, ఈ మూడేళ్ళలో అలవాటైనట్టు, లోపలికి అడుగు వేయబోయాను. సిద్దికా గడప మధ్యలో నిలబడి ఉంది. కడుక్కున్న చేతుల్లో సత్తు చెంబు. ఎప్పుడు వచ్చిందో, ఎక్కడ వెతికి తీసిందో, అటక మీద ఉండేది అది. ‘చేతులు పెట్టు’ అంది. పెట్టాను. మజ్జిగ పోసింది. సున్నిపిండి లేదు, సబ్బు ఇచ్చింది. మళ్ళీ మజ్జిగ పోసింది. మూడుసార్లు అయ్యాక నేను చేతులు వెనక్కి తీసుకోబోతే, చెంబు కింద పెట్టి, నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుంది. పట్టుకుని తన ఎడమ కంటి కింద, బుగ్గ మీద ఆనించుకుంది. కన్ను మూయలేదు. నా వంకే చూస్తూ ఉంది. దాని చర్మం చల్లగా, వాన తడితో ఉంది. అది నా వేలు వదల్లేదు.

‘మండట్లేదు’ అంది. అని పక్కకు జరిగింది.

పొద్దున వండిన అన్నం, గోంగూర పప్పు, పచ్చి ఉల్లిపాయ. రెండు పళ్ళేలు అదే పెట్టింది, ఎదురెదురుగా కాదు, పక్కపక్కన, గోడకు ఆనుకుని, తలుపు వైపు చూస్తూ. బస్సులో కూర్చున్నట్టు. రేకుల మీద చివరి చినుకులు ఒక్కొక్కటిగా పడుతున్నాయి. చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉంది, ముద్దతో పాటు అటూ ఇటూ కదులుతోంది. మాచర్ల దాటాక, లైట్లు ఆర్పేశాక. తను ఉల్లిపాయ ముక్క ఒకటి నా పళ్ళెంలో వేసింది. నేను నీళ్ళ చెంబు దాని వైపు జరిపాను. దాని మోకాలు నా మోకాలికి తగిలింది. ఇద్దరం జరగలేదు. తింటున్నాం.